నది దాటిన ఇంజిన్

ఆ వానాకాలమంతా మా ముందుగదిలో, దివాను ఉండాల్సిన చోట, ఒక పారామోటార్ ఇంజిన్ ఉంది. దివాను నిలువుగా గోడకి చేరింది. వచ్చినవాళ్లు వంటింట్లో పీట మీద కూర్చుని టీ తాగి వెళ్లారు.

పారామోటార్ అంటే విమానం కాదు. వీపుకి తగిలించుకునే చిన్న ఇంజిన్, దాని వెనక పెద్ద ఫ్యాను లాంటి ప్రొపెల్లర్, చుట్టూ పంజరం లాంటి చట్రం. తల మీద పారాచూట్‌లా విచ్చుకునే బట్ట ఉంటుంది, దాన్ని వింగ్ అంటాం. పొలంలో ఎదురుగాలికి నాలుగడుగులు పరుగెత్తి, చేతిలోని మీట నొక్కితే కాళ్లు నేలని వదిలేస్తాయి. అంతే. నలభై దాటాక నేర్చుకున్నాను నేను. కలకత్తా పక్కన హౌరాలో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం నాది. ఒకసారి సహోద్యోగులతో రూప్‌నారాయణ్ నది ఒడ్డుకి పిక్నిక్‌కి వెళ్లినప్పుడు, మా నెత్తి మీదుగా ఎవరో ఎర్రటి వింగ్ కింద కూర్చుని చెయ్యి ఊపుతూ పోయారు. చేతిలో ఉన్న లూచీ, అదే మైదా పూరీ, అలాగే పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. ఆ మరుసటి ఆదివారం ఒక్కదాన్నే మళ్లీ అక్కడికి వెళ్లి, నేర్పుతారా అని అడిగాను.

ఆ పొలంలో ఎగిరేవాళ్లు ఓ గుప్పెడు మంది. వాళ్లకి పెద్ద, మాకందరికీ గురువు, దాదా. తెల్లటి మీసాలు, తక్కువ మాటలు. ఊరు మారిపోతున్న ఒకాయన దగ్గర వాడిన ఇంజిన్ తీసుకున్నాను. రెండు శీతాకాలాలు దాంతోనే ఎగిరాను. కానీ నది మాత్రం దాటలేదు.

అక్కడ రూప్‌నారాయణ్ చాలా వెడల్పు. అవతలి ఒడ్డు మంచులో ఒక పచ్చటి గీతలా కనిపిస్తుంది. ఇంజిన్ మధ్యలో ఆగితే నీళ్లే గతి, అందుకే దాదా అంత తేలిగ్గా ఎవర్నీ నది మీదకి పంపడు. ఆ సీజను ఆఖర్లో నాకూ సరే అన్నాడు. అందరూ వరసగా నీళ్ల మీదకి సాగారు. నేను ఒడ్డు దాకా వెళ్లేసరికి వీపు మీద చప్పుడు మారింది. మీట పూర్తిగా నొక్కే ఉంది. అయినా ఇంజిన్ ఆయాసపడుతోంది, నేను మెల్లగా కిందికి జారుతున్నాను. వెనక్కి తిప్పి, ఒక బంగాళదుంప చేలో దిగాను. మిగతావాళ్లు నది దాటి, తిరిగొచ్చి, టీ తాగుతున్నప్పుడు నేను బూట్లకి అంటిన మట్టి గీక్కుంటూ కూర్చున్నాను.

"ఇంజిన్‌ది కాదు తప్పు. దీదీ చెయ్యి భయపడుతోంది" అన్నాడు వాళ్లలో ఒకడు, నవ్వుతూ.

దాదా నవ్వలేదు. ఇంజిన్ చుట్టూ ఒకసారి తిరిగి, "ఏ ఆర్ చోల్‌బే నా" అన్నాడు. ఇక ఇది నడవదు అని. "విడిభాగాలకి అమ్మెయ్. నమ్మకమైన ఇంజిన్ దొరికేదాకా నదివైపు రాకు."

రెండు మాటలూ గుచ్చుకున్నాయి. నా చెయ్యి భయపడలేదని నాకు తెలుసు. మరి తప్పు ఇంజిన్‌దే అయితే ఆ తప్పేమిటో చూడకుండా అమ్మడానికి నాకు మనసొప్పలేదు. ఒళ్లు నొప్పి అని వచ్చినవాణ్ని ఎక్స్‌రే తియ్యకుండానే పంపించేస్తామా? వానలు మొదలయ్యే ముందు చిన్న వ్యానులో వేసుకుని సంత్రాగాఛిలోని మా ఇంటికి తెచ్చేశాను.

గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది.

"ఇదేటే?"

"ఇంజినమ్మా. వానలు తగ్గేదాకా ఇక్కడే ఉంటాది."

"దీన్నేసుకునేనా నువ్వు గాల్లోకి ఎల్తన్నావు? ఇంతేనా ఇది? నాను ఇంకా పెద్దదేమో అనుకున్నాను." అమ్మ వంగి, సైలెన్సర్‌ని పట్టి ఉంచే స్ప్రింగుని వేలితో తట్టింది. "ఓలమ్మా! ఇది తెగితేటి గతి?"

మా అమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. శ్రీకాకుళం నుంచి పెళ్లయి ఈ ఊరొచ్చింది. నాన్న రైల్వే ఉద్యోగంలో ఉండగానే పోతే, ఆ ఉద్యోగం బదులు అమ్మకి టికియాపారా డిపోలో పని ఇచ్చారు. దూరపు రైళ్లు తిరిగొచ్చాక పెట్టెల కిందికి దూరి బ్రేకుల భాగాలు చూడటం, వదులైనవి బిగించడం, అరిగినవి మార్చడం. కొంగు నడుముకి దోపి, తలకి గుడ్డ చుట్టుకుని, రిటైరయ్యేదాకా అదే పని చేసింది. పెట్రోలు ఇంజిన్ గురించి ఆవిడకి ఏమీ తెలియదు. కానీ కదిలే ఇనుము దేనిమీదా ఆవిడకి నమ్మకం లేదు. ఆ అపనమ్మకమే ఆవిడ చదువు.

నేను ఎగరడం అమ్మకి ఇష్టం లేదు. రెండేళ్లుగా ఆదివారాలు మా ఇంట్లో మాటలు ఉండేవి కావు. ఆ రోజు మాత్రం చాలాసేపు ఇంజిన్ ఎదురుగా కూర్చుంది.

"మానీమంటే మానవు నువ్వు" అంది చివరికి. "ఎలాగూ ఎల్తావు. అలగైతే, ఇందులో ప్రతి నట్టూ నా కళ్లెదుట బిగించు. నాకు నిద్దరన్నా పడతాది."

అలా మొదలైంది మా పని. నా దగ్గర ఆ ఇంజిన్ కంపెనీవాళ్ల పుస్తకం ఉంది. ఎన్ని గంటలు నడిచాక ఏం విప్పాలో, ఏం తుడవాలో, ఏం మార్చాలో అందులో ఉంది. వింత ఏమీ లేదు, అన్నీ మామూలు పనులే. పాత యజమాని వాటిలో ఎన్ని చేశాడో తెలియదు. నేను ప్లగ్గు మార్చడం, పెట్రోలు వడపోత మార్చడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. ఈసారి మొదటినుంచి చివరిదాకా చెయ్యాలనుకున్నాను.

అమ్మ పాత దుప్పటి పరిచింది. విప్పిన భాగాలన్నీ విప్పిన వరసలోనే దాని మీద పేర్చాలంది. రబ్బరు బుష్‌లు చూశాం, రెండు పగిలాయి, మార్చాం. బెల్టు చూశాం, బాగానే ఉంది. సైలెన్సర్ దగ్గరికొచ్చేసరికి అమ్మ నన్ను ఆపి, కిరసనాయిలు అడిగింది. ఇప్పుడు కిరసనాయిలు ఎక్కడ దొరుకుతుందని నేను విసుక్కున్నాను. ఆవిడే మెట్ల కింద వెతికి, ఏనాటిదో ఒక సీసా తెచ్చింది. అతుకుల మీద గుడ్డతో అది రాసి, కాసేపాగి, పొడిగా తుడిచేసి, పైన సుద్దముక్క రుద్దింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఉండు. కన్నేసుండు."

కాసేపటికి తెల్లటి సుద్ద మీద ఒకచోట వెంట్రుకంత నల్లటి గీత తేలింది. పగులు. లోపల దాక్కున్న నూనె సుద్దలోకి ఊరి బయటపడింది. నేను రోజూ జనం ఎముకల్లో చూసేది అచ్చం అలాంటి గీతే. ఇద్దరం ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వాం. ఆ సైలెన్సర్‌ని మర్నాడే వెల్డింగుకి ఇచ్చాను.

కానీ బలం తగ్గడానికి కారణం అది కాదని నా అనుమానం. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బాగుంటుంది, వేడెక్కాకే నీరసిస్తుంది. వేడికి మారేది ఏదో లోపల ఉంది. దాన్ని చూడాలంటే సిలిండర్ తియ్యాలి. అక్కడ మాత్రం నాకు ధైర్యం చాల్లేదు. ఒకసారి తీస్తే మళ్లీ సరిగ్గా పెట్టగలనా? చాలా రోజులు దాని చుట్టూ తిరిగాను. బయట వాన. సందులో మోకాలి లోతు నీళ్లు. స్టేషన్‌లో లోకల్ రైళ్ల ఆలస్యాలు చెబుతూ మైకు.

"బయపడతన్నావేటే?" అంది అమ్మ ఒక మధ్యాహ్నం, బియ్యం ఏరుతూ.

"అవునమ్మా."

"బయం మంచిదే. బయముంటేనే సెయ్యి ఒద్దికగా ఉంటాది. నాను మొదటిసారి పెట్టె కిందికెల్లినప్పుడు కాళ్లు వణికీసేయి. కానీ ఎల్లేను. ఇప్పు."

విప్పాను. నట్లు ఒక్కొక్కటీ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా వదులుచేసి, సిలిండర్‌ని రెండు చేతులతో పైకి లాగాను. మెత్తటి చప్పుడుతో అది ఊడొచ్చింది. పిస్టన్ బయటపడింది. పక్కలు చూడడానికి వంగాను. గీతలు పడి ఉంటే దాదా మాటే నిజం, ఇంజిన్ చచ్చినట్టే.

గీతలు లేవు. కిటికీలోంచి పడ్డ ఆ మబ్బు వెలుతురులోనే పిస్టన్ వెండి గ్లాసులా మెరిసింది. పాడైంది దాని తల. నల్లటి మసి, మాడిన అడుగులా గట్టిపడి ఉంది. పొగ బయటికి పోయే దారి సగానికి పైగా అదే మసితో మూసుకుపోయింది. ఇక పిస్టన్ చుట్టూ ఉండే ఉక్కు రింగు, వదులుగా కదలాల్సింది, దాని గాడిలో మసితో అతుక్కుపోయి ఉంది. గోటితో నొక్కాను, కదల్లేదు. అంతా అర్థమైపోయింది. పెట్రోల్లో కలపాల్సిన నూనె మోతాదు మించి కలిపి నడిపాం, ముందు పాత యజమాని, తర్వాత నేను. ఆ నూనె మాడి పేరుకుంది. వేడెక్కగానే ఇరుక్కున్న రింగు పక్కనుంచి బలమంతా జారిపోతోంది.

"అమ్మా! ఇది చావలేదు!" అని అరిచాను. "దీనికి ఊపిరాడ్డం లేదు, అంతే!"

అమ్మ బియ్యం చేట పక్కనపెట్టి వచ్చి, తొంగిచూసి, "ఈ మసికేనేటి ఆ ఆయన అమ్మీమన్నాడు?" అంది.

మసి తియ్యడం వారాల పని. అల్యూమినియం మెత్తనిది, ఇనుముతో గీకితే గాడి పడుతుంది. వెదురు పుల్లలు చెక్కి వాటితో గీకాం. ఆసుపత్రి నుంచి వచ్చాక కాసేపు నేను, పగలు అమ్మ. కొత్త రింగు, కొత్త ప్యాకింగులు, ఇంజిన్‌కి పెట్రోలు అందించే కార్బురేటర్‌కి కొత్త రబ్బరు పొరలు తెప్పించాను. పాత పొరలు గట్టిపడి కాయితంలా చప్పుడు చేస్తున్నాయి.

అన్నీ సిద్ధమై బిగించడం మొదలుపెడదామనుకున్న రోజే విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు పనిముట్టు ముట్టుకోకూడదు, పూజ చెయ్యాలి. టికియాపారాలో అమ్మ ఒక్క ఏడూ అది తప్పలేదు. దుప్పటి మీద ఉన్న భాగాలకే పసుపూ కుంకుమా పెట్టి, రెంచీలకి పూలు చుట్టింది. ఇక్కడ గాలిపటాలు ఎగరేసేదీ ఆ రోజే, ఊరంతా గాలిపటాలు. ఎవరిదైనా తెగినప్పుడల్లా డాబా మీద పక్కింటివాళ్లు "భో కాట్టా!" అని అరుస్తున్నారు. అమ్మ కొంగు నెత్తికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఆకాశంలోకే చూసింది.

మర్నాటినుంచి బిగించాం. ప్రతి నట్టునీ పుస్తకం చెప్పినంత బిగువుకి తిప్పి, దాని మీద ఎర్ర రంగు చుక్క పెట్టాను. అమ్మ వెనకే వచ్చి ఒక్కొక్క చుక్కనీ వేలితో తాకింది.

చలి మొదలై, పొలం ఆరాక, ఇంజిన్‌ని వ్యానెక్కించి, అమ్మతో కలిసి వెళ్లాను. అమ్మ ఆ పొలానికి రావడం అదే మొదటిసారి. దాదా లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

"అమ్మెయ్యలేదా?" అన్నాడు నాతో.

"లేదు దాదా. బాగుచేశాం."

తాడు లాగాను. చప్పుడు లేదు. మళ్లీ లాగాను. మళ్లీ. భుజం నొప్పెట్టింది. చుట్టూ చేరినవాళ్లు మర్యాదకి నదివైపు తిరిగారు, అదే ఎక్కువ బాధగా ఉంది. దాదా గడ్డం గోక్కుంటూ పక్కకి వెళ్లాడు.

గడ్డిలో కూర్చుని పెట్రోలు గొట్టం చూశాను. పారదర్శకంగా ఉంటుంది అది. తాడు లాగుతున్నా పెట్రోలు సగం దాకా వచ్చి ఆగిపోతోంది. అంటే నిప్పురవ్వకి లోటు లేదు, తిండే అందడం లేదు. కార్బురేటర్ పెట్రోలుని పీల్చుకోవడం లేదు. ఎందుకు? అప్పుడు తట్టింది. దానికి రెండు వైపులా ఒక పొర, ఒక ప్యాకింగు ఉంటాయి. ఒకవైపు ముందు ప్యాకింగు, తర్వాత పొర. రెండోవైపు ముందు పొర, తర్వాత ప్యాకింగు. నేను రెండు వైపులా ఒకేలా పెట్టాను.

"అమ్మా, దుప్పటి పరుచు."

గాలికి దుమ్ము పడకుండా అమ్మ చీర కొంగు అడ్డం పట్టుకుని నిలబడింది. మూత తీసి, పొర, ప్యాకింగు వరస మార్చి, మళ్లీ బిగించాను. లేచి తాడు పట్టుకున్నాను. ఈసారి గొట్టంలో పెట్రోలు సన్నటి పాములా పాకి పైకి ఎక్కింది. ఇంకోసారి లాగాను.

ఇంజిన్ ఒక్కసారిగా అందుకుంది!

పక్కనున్న కొంగలు లేచిపోయాయి. అమ్మ రెండడుగులు వెనక్కేసి, చెవులు మూసుకుని, నోరంతా తెరిచి నవ్వింది. పళ్లు కనిపించేలా అమ్మ నవ్వడం నేను చూసి ఎన్నేళ్లయిందో.

కొత్త రింగు కుదురుకునేదాకా మెల్లగా నడిపించి, ఆపి, చల్లార్చి, మళ్లీ నడిపించాను. ఆ తర్వాత దాదానే ఇంజిన్ లాగుడుబలం చూద్దామన్నాడు. చట్రాన్ని తాడుతో ఒక గుంజకి కట్టి, మధ్యలో వేలాడే కాటా తగిలించాం. పూర్తి మీట నొక్కాను. కాటా ముల్లు పైకి ఎక్కింది, కొత్త ఇంజిన్లకి ఎంత రావాలో అంత దాకా. దాదా దాని మీంచి చూపు తియ్యలేదు. ఇంజిన్ బాగా వేడెక్కింది. ముల్లు దిగుతుందని అందరూ ఎదురుచూశారు. దిగలేదు. మేకు కొట్టినట్టు అక్కడే నిలబడింది.

ఇంజిన్ ఆపాక, చెవుల్లో హోరు తగ్గాక, దాదా నా భుజం తట్టాడు.

"దీదీ, నోదీ తోమార్."

నది నీదే అన్నాడు. కిందటేడు నన్ను చూసి నవ్వినవాడు ముందుకొచ్చి, "నేనే తప్పుగా అన్నాను" అని చెయ్యి కలిపాడు. చేతులకి అంటిన మసి వాడికీ అంటింది.

తర్వాతి ఆదివారం మంచు విడిచేదాకా ఆగాం. నీళ్లలో పడితే తేల్చే జాకెట్ వేసుకున్నాను. అమ్మ నా చుట్టూ రెండుసార్లు తిరిగి, పట్టీలు లాగి చూసి, స్ప్రింగులు చూసి, "సరే. ఎల్లు" అంది. ఆ ఒక్క మాట కోసం నేను రెండేళ్లు ఎదురుచూశాను.

పరుగెత్తాను. వింగ్ తలపైకి లేచి నిండింది. మీట నొక్కగానే వీపుని ఎవరో అరచేత్తో ముందుకి నెట్టినట్టయింది. అంత బలం ఆ ఇంజిన్‌లో ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. పొలం చిన్నదైంది. తాటిచెట్ల తలలు కిందికి పోయాయి. ఒడ్డు వచ్చింది. చెవి వెనక్కి పెట్టి విన్నాను. చప్పుడు మారలేదు. గట్టిగా, గుండ్రంగా, ఒకేలా ఉంది. కింద గట్టు మాయమై నీళ్లు వచ్చాయి.

గోధుమరంగు నీళ్లు. పోటు మీద ఉంది నది. నా నీడ చేపలపడవ మీదుగా పోయింది, పడవలో ఆయన తలెత్తి తెడ్డు ఊపాడు. దూరంగా రైలు వంతెన మీద లోకల్ ఒకటి పాకుతోంది. నది మధ్యకి వచ్చాక, రెండు ఒడ్లూ ఒకేలా దూరంగా ఉన్నచోట, భయం వస్తుందనుకున్నాను. రాలేదు. అందులో ప్రతి నట్టూ నాకు తెలుసు. ఏది ఎంత బిగువో నా మణికట్టుకి తెలుసు. హెల్మెట్‌లో గట్టిగా అరిచాను, తెలుగులోనో బెంగాలీలోనో గుర్తులేదు. అవతలి ఒడ్డున వడ్లు ఆరబోస్తున్న ఆడవాళ్లు చేతులూపారు. వాళ్ల ఇళ్ల మీదకి పోకుండా ఒడ్డు వెంబడే ఒక పెద్ద చుట్టు తిరిగి, మళ్లీ నది మీదుగానే వెనక్కి వచ్చాను.

దిగేసరికి అందరూ పరుగెత్తుకొచ్చారు. అమ్మ అందరికంటే వెనక, నడిచే వచ్చింది. వచ్చి నా మొహం చూడలేదు. తిన్నగా నా వెనక్కి వెళ్లి, వేడి తగలకుండా కొంగు చుట్టుకున్న వేలితో ఒక్కొక్క ఎర్ర చుక్కా తాకింది.

"ఏదీ ఒదులవ్వలేదు" అంది. అప్పుడు ముందుకొచ్చి, నా రెండు చెంపలూ పట్టుకుంది.

ఆ రోజు ముఢీ అనే మరమరాలు, ఆలూర్ చాప్ అనే బంగాళదుంప బజ్జీలు తిని మట్టి భాండ్‌లలో టీ తాగుతూ నేను సుద్దముక్క సంగతి చెబితే, ఒకడు తన ఇంజిన్ ఎత్తుకొచ్చి అమ్మ ముందు దించాడు. "మాషిమా, ఆ సుద్దముక్కతో నాదీ ఒకసారి చూస్తారా?" మాషిమా అంటే పిన్నిగారు. వాడి వెనక ఇంకొకడు. అమ్మ నావైపు చూసింది. "నాకేటి తెల్దని సెప్పు ఈలకి. లోపలి పని మా గుంటకే తెలుసు, పైపైన నాను సూస్తానని సెప్పు." నేను బెంగాలీలో చెప్పాను. అందరూ ఒప్పుకున్నారు. సాయంత్రం దాకా ఇద్దరం ఆ గడ్డిలోనే ఉన్నాం.

ఇంజిన్‌ని దాదా దగ్గరే ఉంచి తిరిగొచ్చేటప్పుడు లోకల్ కిటకిటలాడుతోంది. అమ్మకి కిటికీ పక్కన చోటు దొరికింది. నేను రద్దీలో నిలబడి ఉన్నాను. వంతెన మీదకి రైలు ఎక్కుతుండగా అమ్మ ఫోన్ తీసి, శ్రీకాకుళంలో ఉన్న పిన్నికి కలిపింది. పెట్టెలో అందరికీ వినిపించేంత గొంతుతో మాట్లాడింది.

"ఓలే! మన గుంట ఏరు దాటీసిందే! ఏటీ? పడవా? పడవేటే, నీ మొకం! పైనుంచే! ఎగిరే ఎల్లింది, ఎగిరే ఒచ్చింది!"